కాలేయం గట్టిదనం అంకెలో రొద ఎంత, జబ్బు ఎంత?

చేతిలో రెండు స్కానింగ్ రిపోర్టులు ఉన్నాయనుకుందాం. బరంపురంలో తీసినదాంట్లో కాలేయం గట్టిదనం 9.7 కిలోపాస్కల్ (గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం). నెల తిరక్కుండానే విశాఖపట్నంలో తీయిస్తే 14.5. మొదటి అంకె చూసిన డాక్టరు ‘అనుమానమే, ఇంకో పరీక్ష చేసి చూద్దాం’ అంటారు. రెండో అంకె చూస్తే కాలేయం మచ్చకట్టి జబ్బు ముదిరిపోయిందనే అనిపిస్తుంది. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్లు వైద్యానికి ఒకసారి బరంపురం, ఇంకోసారి విశాఖ వెళ్లడం ఎప్పటినుంచో ఉన్నదే. అందుకే రెండు ఊళ్ల కాగితాలు, రెండు రకాల యంత్రాలు ఇచ్చిన అంకెలు ఒకే సంచిలో చేరుతుంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసుకున్న ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు.

ఆ రెండు అంకెల మధ్య తేడా అంతా జబ్బే కానక్కర్లేదు. అందులో కొలతతో పాటు వచ్చిన రొద, ఇంజనీర్లు నాయిస్ అనేది, చాలా ఉండొచ్చు. అది ఎక్కడ పుడుతుంది, దాన్ని ఎలా తగ్గిస్తారు, తగ్గించామని చెప్పే పద్ధతుల్లో ఏది నమ్మదగ్గది అన్నదే ఇక్కడి విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొలిచేటప్పుడు రొద చొరబడకుండా చూసుకోవడం వేరు, చొరబడ్డాక తుడిచి బొమ్మను నున్నగా చేయడం వేరు. మొదటిది కొలతను బాగుచేస్తుంది. రెండోది చాలాసార్లు చూసేవాళ్ల నమ్మకాన్ని మాత్రమే పెంచుతుంది.

కొలిచేది ఏమిటి

పొట్ట మీద వేళ్లు ఆనించి, నొక్కి, లోపల గట్టిగా ఏమైనా తగులుతోందా అని చూడటం వైద్యంలో చాలా పాత పని. జబ్బుపడిన కణజాలం తరచుగా గట్టిపడుతుంది. రొమ్ములో గడ్డ అయినా, మచ్చకట్టిన కాలేయమైనా అంతే. అయితే వేలికి తగిలేది పైపైన ఉన్నదే, అదీ ముదిరాకే. మామూలు అల్ట్రాసౌండ్ లోపలి ఆకారం చూపిస్తుంది గానీ గట్టిదనం చూపించదు. గట్టిపడిన కాలేయం, మెత్తని కాలేయం తెర మీద దాదాపు ఒకేలా కనిపించవచ్చు.

1991లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జొనాథన్ ఓఫిర్ బృందం ఒక దారి చూపించింది. కణజాలాన్ని ప్రోబ్‌తో, అంటే స్కానింగ్‌లో ఒంటికి ఆనించే పరికరంతో, రవ్వంత నొక్కాలి. నొక్కకముందు వచ్చిన ప్రతిధ్వనినీ, నొక్కాక వచ్చిన ప్రతిధ్వనినీ పోల్చి, ఏ చోటు ఎంత జరిగిందో లెక్కకట్టాలి. మెత్తని చోటు ఎక్కువ నలుగుతుంది, గట్టి చోటు తక్కువ. ఎలాస్టోగ్రఫీ అన్న పేరు అప్పటి నుంచే వాడుకలోకి వచ్చింది. ఆ నలుగుడు కొలతను స్ట్రెయిన్ అంటారు.

చేత్తో ఎంత బలంగా నొక్కారో తెలియదు కాబట్టి ఈ పద్ధతి ‘ఇక్కడికన్నా అక్కడ గట్టి’ అని చెప్పగలదే తప్ప కచ్చితమైన అంకె ఇవ్వలేదు. ఆ లోటును షియర్ తరంగం తీర్చింది. కణజాలం లోపల ఒక కుదుపు పుట్టిస్తే, అది పక్కలకు అలలా పాకుతుంది. గట్టి కణజాలంలో వేగంగా, మెత్తనిదాంట్లో నెమ్మదిగా. ఆ వేగాన్ని వర్గం చేసి, సాంద్రతతో, మళ్లీ మూడుతో గుణిస్తే గట్టిదనం వస్తుంది. అల సెకనుకు 2 మీటర్లు పోతుంటే గట్టిదనం 12 కిలోపాస్కల్. ఫైబ్రోస్కాన్ లాంటి యంత్రాల్లో ప్రోబ్ కొసన ఉన్న చిన్న కంపకం చర్మాన్ని 50 హెర్ట్జ్ దగ్గర తడుతుంది. మరోరకం యంత్రాల్లో బలమైన అల్ట్రాసౌండ్ కిరణమే లోపలి ఒక బిందువును తోసి కుదుపు పుట్టిస్తుంది. ఆర్మెన్ సర్వజ్యాన్ 1998లో ప్రతిపాదించిన ఈ ఆలోచనను డ్యూక్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ నైటింగేల్, పారిస్‌లో మథియాస్ ఫింక్, మికాయెల్ టాంటర్ బృందాలు పనిచేసే యంత్రాల దాకా తెచ్చాయి.

ఎంత చిన్న కదలికో

రొద ఇంత పెద్ద సమస్య ఎందుకైందో తెలియాలంటే కదలిక పరిమాణం చూడాలి. తోసినప్పుడు కణజాలం జరిగేది కొన్ని మైక్రాన్లు. పది మైక్రాన్లంటే మిల్లీమీటరులో నూరోవంతు. కాలేయానికి వాడే 3 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ తరంగదైర్ఘ్యం శరీరంలో సుమారు అర మిల్లీమీటరు. అంటే, చూడటానికి వాడే అల పొడవులో యాభయ్యోవంతు ఉన్న కదలికను అదే అలతో పట్టుకోవాలి.

పైగా తొందర కూడా ఉంది. షియర్ తరంగం సెకనుకు 2 మీటర్లు పోతుంటే 4 సెంటీమీటర్లు దాటడానికి 20 మిల్లీసెకన్లు చాలు. మామూలు స్కానింగ్ సెకనుకు ముప్పై, నలభై చిత్రాలు తీస్తుంది. ఒక చిత్రం తీసేలోపే అల వచ్చి వెళ్లిపోతుంది. అందుకని శరీరంలోకి సన్నని కిరణాల వరుస పంపడం మాని, ఒకేసారి చదునైన అల పంపి సెకనుకు వేల చిత్రాలు తీస్తారు. ధ్వని శరీరంలో సెకనుకు 1540 మీటర్లు పోతుంది కాబట్టి 4 సెంటీమీటర్ల లోతుకు వెళ్లి తిరిగి రావడానికి పట్టేది 52 మైక్రోసెకన్లే. వేగం సాధ్యమే. కానీ చదునైన అల ఎక్కడా కేంద్రీకరించదు కాబట్టి ప్రతి చిత్రమూ బలహీనంగా వస్తుంది. వేగం కోసం నాణ్యత వదులుకోవాల్సి వస్తుంది. ఈ రంగంలో అడుగడుగునా ఎదురయ్యే బేరం ఇదే.

రొద కానిదాన్ని రొద అనుకోవద్దు

అల్ట్రాసౌండ్ బొమ్మ నిండా కనిపించే చుక్కల పొడను స్పెకిల్ అంటారు. కణజాలంలోని అతిచిన్న నిర్మాణాల నుంచి చెదిరిన అలలు ఒకదానితో ఒకటి కలిసి, కొట్టుకుపోయి ఏర్పడే నమూనా అది. ఆకారాలు చూడాలనుకునేవాళ్లకి అది అడ్డు. దాన్ని తుడిచి బొమ్మను శుభ్రం చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. గట్టిదనం కొలవడంలో మాత్రం ఆ చుక్కలే మనకున్న ఒకే ఒక ఆధారం.

బరంపురం పట్టుచీర అంచును రెండు చేతులతో పట్టుకుని లాగి చూడండి. అంచు వెంట నేసిన కుంభాల వరుస ఎక్కడ ఎంత సాగిందో కంటికి తెలుస్తుంది. అదే ఏ బొమ్మా లేని సాదా బట్టను లాగితే ఏ దారం ఎంత జరిగిందో చెప్పడం కష్టం. స్పెకిల్ మన కణజాలం మీద ఉన్న అలాంటి నేత. నొక్కినా తోసినా అది కణజాలంతో పాటే జరుగుతుంది. ముందు చిత్రంలోని చుక్కల ముక్కను తర్వాతి చిత్రంలో వెతికి పట్టుకుంటే ఆ చోటు ఎంత కదిలిందో తెలుస్తుంది.

ఇది పుస్తకాల్లో మాత్రమే పనికొచ్చే తేడా కాదు. ఇంజనీరింగ్ ప్రాజెక్టుల్లో మామూలు స్కానింగ్ బొమ్మ తీసుకుని, స్పెకిల్ తగ్గించే ఫిల్టర్ వేసి, దాని మీద గట్టిదనం లెక్కకడితే మెరుగవుతుందని అనుకునే విద్యార్థులు కనిపిస్తారు. మెరుగవదు. కదలికను గుర్తించే గుర్తులే చెరిగిపోతాయి. లెక్క మొదలవ్వాల్సింది తెర మీది బొమ్మ దగ్గర కాదు, అది తయారవకముందు ప్రోబ్ నుంచి వచ్చిన ముడి సంకేతం దగ్గర.

రొద ఎక్కడెక్కడ పుడుతుంది

ముందుగా యంత్రం లోపలి రొద. సంకేతాన్ని పెంచే సర్క్యూట్లలో ఎప్పుడూ వేడి వల్ల పుట్టే రొద కొంత ఉంటుంది. ప్రతిధ్వని బలంగా ఉన్నంతవరకు దాని గురించి బెంగ అక్కర్లేదు. కానీ అల్ట్రాసౌండ్ మెత్తని కణజాలంలో సుమారుగా ప్రతి సెంటీమీటరుకూ, ప్రతి మెగాహెర్ట్జ్‌కూ అర డెసిబెల్ చొప్పున తరుగుతుంది. 3 మెగాహెర్ట్జ్ దగ్గర 5 సెంటీమీటర్ల లోతుకు వెళ్లి తిరిగొస్తే 15 డెసిబెల్స్, అంటే శక్తి ముప్పైయోవంతుకు పడిపోతుంది. 7 సెంటీమీటర్లయితే 21 డెసిబెల్స్, నూట ఇరవయ్యోవంతు కన్నా తక్కువ. లోతున బొమ్మ మసకగా కనిపించకుండా యంత్రం అక్కడి సంకేతాన్ని పెంచి చూపిస్తుంది. కానీ ప్రతిధ్వనితో పాటు రొదనూ అంతే పెంచుతుంది. తెర మీద వెలుగు చూసి లోతున కూడా కొలత బాగుందనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది. చిన్న ఊళ్లలో ఎర్తింగ్ సరిగా లేని గదిలో, పక్కనే ఇన్వర్టర్ నడుస్తుంటే బయటి విద్యుత్ రొద కూడా ఇందులో కలుస్తుంది. తెర మీద క్రమం తప్పకుండా గీతల్లా కనిపించేది తరచుగా అదే. దానికి సాఫ్ట్‌వేర్ కంటే మంచి ఎలక్ట్రీషియన్ పనికొస్తాడు.

రెండోది ప్రతిధ్వనికి ప్రతిధ్వని. చర్మం, కొవ్వు, కండరం పొరల మధ్య అల అటూ ఇటూ కొట్టుకుని ఆలస్యంగా తిరిగి వస్తుంది. ఆలస్యంగా వచ్చింది కాబట్టి యంత్రం దాన్ని లోతైన కాలేయం నుంచి వచ్చిందనుకుంటుంది. పొట్ట గోడ కదలనప్పుడు ఆ దొంగ ప్రతిధ్వని కూడా కదలదు. నిజమైన కదలిక, కదలని దొంగ సంకేతం కలిసి, లెక్కలో కదలికను ఉన్నదానికన్నా తక్కువ చేస్తాయి. సగటు తీసినా ఇది పోదు, ఎందుకంటే ప్రతిసారీ అదే చోట, అదే పాళ్లలో వస్తుంది. దీనికి మందు హార్మోనిక్ పద్ధతి. ఒక పౌనఃపున్యంలో అల పంపి, దానికి రెట్టింపు పౌనఃపున్యంలో వచ్చేదాన్ని మాత్రమే వింటారు. రెట్టింపు స్వరం అల లోపలికి ప్రయాణించేకొద్దీ కణజాలంలోనే పుడుతుంది కాబట్టి పై పొరల దొంగ ప్రతిధ్వనుల వాటా అందులో తక్కువ.

మూడోది నేత చెదిరిపోవడం. కణజాలం మరీ ఎక్కువ నలిగినా, చెయ్యి పక్కకు జారి వేరే పొర కనిపించినా, ముందు చిత్రంలోని చుక్కల ముక్క తర్వాతి చిత్రంలో అదే రూపంలో ఉండదు. నొక్కుడు మరీ తక్కువైతే కదలిక రొదలో మునిగిపోతుంది, మరీ ఎక్కువైతే పోలికే దొరకదు. వర్గీస్, ఓఫిర్ 1997లో దీన్ని స్ట్రెయిన్ ఫిల్టర్ అన్న పేరుతో లెక్కగా చూపించారు. చేత్తో నొక్కి తీసే పరీక్షలో ఒక శాతం చుట్టుపక్కల స్ట్రెయిన్ కోసం చూస్తారు. ఎక్కువ నొక్కితే బాగా కనిపిస్తుందన్న నమ్మకం తప్పు. రొమ్ము పరీక్షలో ఇంకో సంగతి కూడా ఉంది. నొక్కిన కణజాలం తనంతట తాను గట్టిపడుతుంది. జెల్ ధారాళంగా రాసి, ప్రోబ్ బరువు మోపకుండా పట్టుకోమని చెప్పేది అందుకే.

గుండె కొట్టుకోవడం, ఊపిరి, షియర్ తరంగం పక్కటెముక దగ్గరో రక్తనాళం అంచు దగ్గరో తగిలి వెనక్కి రావడం, ఇవీ ఉన్నాయి. కాలేయం ఎడమ భాగం గుండెకు ఆనుకుని ఉంటుంది కాబట్టి కొలత కుడి భాగంలోనే తీస్తారు.

తేడా తీస్తే రొద పెరుగుతుంది

ఇక లెక్క లోపల పుట్టే చిక్కు. స్ట్రెయిన్ అంటే కదలిక కాదు, రెండు చోట్ల కదలికల మధ్య తేడా. ఒక మిల్లీమీటరు దూరంలో రెండు బిందువులు తీసుకుందాం. ఒక శాతం నలిగితే వాటి కదలికల తేడా 10 మైక్రాన్లు. ఒక్కో కొలతలో ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉందనుకుంటే తేడాలో 1.4 మైక్రాన్ల అనిశ్చితి ఉంటుంది. అంటే 14 శాతం, సర్దుకోవచ్చు. ఇంకా సన్నగా చూద్దామని దూరం 0.2 మిల్లీమీటర్లకు తగ్గిస్తే? తేడా 2 మైక్రాన్లే, అనిశ్చితి మాత్రం అదే 1.4. అంకెలో మూడింట రెండొంతులకు పైగా రొదే. దూరం 5 మిల్లీమీటర్లు చేస్తే అనిశ్చితి 3 శాతం లోపుకు దిగుతుంది. కానీ 3 మిల్లీమీటర్ల గడ్డ ఉంటే అది పక్క కణజాలంతో కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

ఈ బేరాన్ని ఏ తెలివైన పద్ధతీ రద్దు చేయలేదు, మెరుగైన ధరకు కుదర్చగలదు అంతే. రెండు బిందువులకే పరిమితం కాకుండా వరుసలో ఉన్న చాలా బిందువుల గుండా ఒక గీత సరిపుచ్చి దాని వాలు తీసుకోవడం అలాంటిదే. కల్లెల్, ఓఫిర్ 1997లో ప్రతిపాదించిన ఈ కనిష్ఠ వర్గాల పద్ధతి ఇప్పటికీ పునాదిలా ఉంది.

అన్ని తప్పులూ చిన్నచిన్నవే అయితే సగటు సరిపోతుంది. కానీ కొన్ని పెద్ద తప్పులుంటాయి. చుక్కల ముక్కను వెతికేటప్పుడు లెక్క ఒక అల పక్కకు జారి పొరపాటు పోలికను ఎంచుకోవచ్చు. అప్పుడు తప్పు ఒక మైక్రాన్ కాదు, 3 మెగాహెర్ట్జ్ దగ్గర ఏకంగా 257 మైక్రాన్లు. ఐదు కొలతలు 10, 10, 11, 9, 267 వచ్చాయనుకోండి. సగటు 61. మధ్యమం, అంటే వరుసలో పేర్చినప్పుడు నట్టనడుమ వచ్చేది, 10. ఒక్క చెడ్డ కొలత సగటును పాడుచేసింది, మధ్యమాన్ని కదపలేకపోయింది. అందుకే ఇలాంటి తప్పులకు మీడియన్ ఫిల్టర్ వాడతారు. షియర్ తరంగం వేగం లెక్కలో డ్యూక్ బృందం 2010లో వాడి చూపిన రాన్‌సాక్ పద్ధతి కూడా ఇదే దారి. గీతకు దూరంగా పడిన బిందువులను పక్కనపెట్టి, ఎక్కువ బిందువులు ఒప్పుకునే గీతనే తీసుకుంటుంది.

సంకేతాన్ని బాగుచేసే పద్ధతులు, బొమ్మను బాగుచేసే పద్ధతులు

సగటు తీయడం అన్నిటికన్నా పాత మందు. నాలుగు కొలతల సగటుతో యాదృచ్ఛిక రొద సగానికి, పదహారుతో నాలుగోవంతుకు తగ్గుతుంది. పదోవంతుకు దించాలంటే నూరు కావాలి. ఈలోగా రోగి ఊపిరి పీలుస్తాడు. బలమైన తోపు కిరణాన్ని ఎన్నిసార్లైనా వాడటానికీ వీల్లేదు, కణజాలమూ ప్రోబూ వేడెక్కుతాయి.

అందుకే సగటును తెలివిగా వాడతారు. 2009లో మోంటాల్డో, టాంటర్, ఫింక్ బృందం చదునైన అలలను కొద్దికొద్దిగా వేర్వేరు కోణాల్లో పంపి, వచ్చిన ప్రతిధ్వనులను దశతో సహా, అంటే అల ఎత్తుపల్లాలు ఎక్కడున్నాయో లెక్కలో పెట్టుకుని కలిపితే, కేంద్రీకరించిన కిరణానికి దగ్గరగా ఉండే నాణ్యత చాలా తక్కువ సమయంలో వస్తుందని చూపించింది. ఇది కొత్త సమాచారాన్ని తెచ్చి కలుపుతుంది. అందుకని దీన్ని నేను నిజమైన రొద తగ్గింపు అంటాను. దిశా ఫిల్టర్ కూడా ఈ కోవలోదే. తోసిన చోటు నుంచి అల కుడివైపు పోతుంటే, ఎడమవైపు తిరిగి వచ్చేది ప్రతిఫలించినదని మనకు ముందే తెలుసు. స్థలం, కాలం రెండింటా ఫూరియర్ రూపంలోకి మార్చితే, అంటే సంకేతాన్ని వేర్వేరు పౌనఃపున్యాల అలలుగా విడగొడితే, కుడికి పోయేవీ ఎడమకు పోయేవీ వేర్వేరు గడుల్లో పడతాయి, ఒకదాన్ని తీసేయొచ్చు. భౌతికశాస్త్రం చెప్పిన మాటను లెక్కలోకి తేవడమే ఇది.

ఆ తర్వాత రెగ్యులరైజేషన్ వస్తుంది. పక్కపక్కన ఉన్న చోట్లు దాదాపు ఒకేలా కదులుతాయన్న షరతును లెక్కలోనే పెట్టడం. హసన్ రివాజ్ బృందం 2008లో డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో (పెద్ద లెక్కను చిన్నచిన్న అంచెలుగా విడగొట్టి చేసే పద్ధతి), 2011లో దానికన్నా సూక్ష్మమైన రూపంలో ఈ పని చేసింది. చెయ్యి వణికిన చోట కూడా చూడదగ్గ చిత్రం రావడానికి ఇది చాలా సాయపడింది. అయితే ఆ షరతు ఎంత గట్టిగా అమలుచేయాలన్నది మనిషి తిప్పే ఒక మీట. ఎక్కువ తిప్పితే గడ్డ అంచు కరిగిపోతుంది. తక్కువ తిప్పితే రొద మిగులుతుంది. సరైన స్థానం కణజాలాన్ని బట్టి మారుతుంది.

చివరిది, గట్టిదనాన్ని తెర మీద రంగుల్లో చూపే బొమ్మను నున్నగా చేయడం. నాకు అభ్యంతరం ఉన్నది దీంతోనే. కొలత విఫలమైన చోట్ల పక్క అంకెలతో పూడ్చేస్తే బొమ్మ నిండుగా, నమ్మకంగా కనిపిస్తుంది. ఆ చోట యంత్రానికి ఏమీ తెలియదన్న సంగతి మరుగున పడుతుంది. అంతకన్నా నాణ్యత తక్కువైన చోటును రంగు వేయకుండా వదిలేయడం నయం. చాలా యంత్రాలు నాణ్యత పటాన్ని విడిగా చూపుతాయి. కొన్ని అల ఎప్పుడు ఎక్కడికి చేరిందో గీతలుగా గీసి చూపుతాయి. గీతలు సమాంతరంగా, సమదూరంలో ఉంటే కొలత బాగున్నట్టు, మెలికలు తిరిగితే కొలిచే పెట్టె, అంటే తెర మీద కొలత తీసే చోటును గుర్తించే గడి, అక్కడ పెట్టకూడదన్నట్టు. రంగుల బొమ్మ కంటే ముందు చూడాల్సింది దీన్నే.

డీప్ లెర్నింగ్ పద్ధతుల గురించి, అంటే ఉదాహరణలు చూపి నెట్‌వర్క్ అనే కంప్యూటర్ ప్రోగ్రాముకు నేర్పే పద్ధతుల గురించి కూడా ఇదే జాగ్రత్త. కంప్యూటర్‌లో సృష్టించిన కణజాలం మీదా, గట్టిదనం ముందే తెలిసిన జెలటిన్ అచ్చుల మీదా నేర్పిన నెట్‌వర్క్ రొదను బాగానే తీసేస్తుంది. కానీ అది నేర్చుకున్నవాటిలో లేని కాలేయం ఎదురైతే, తెలియదని చెప్పకుండా తనకు అలవాటైన బొమ్మ గీయగలదు. కాబట్టి నెట్‌వర్క్ ఇచ్చిన అంకెతో పాటు అనిశ్చితిని కూడా ఇవ్వాలని పట్టుబట్టడం న్యాయం.

మంచం మీద తగ్గే రొద

ఇంత గణితం తర్వాత చెప్పేది చిన్నగా అనిపించవచ్చు గానీ, మన దగ్గర కొలతలను ఎక్కువగా పాడుచేసేవి యంత్రం బయటే ఉన్నాయని నా నమ్మకం.

తిండి మొదటిది. తిన్న తర్వాత పేగుల నుంచి కాలేయానికి వచ్చే రక్తం పెరుగుతుంది, దాంతో గట్టిదనం అంకె పైకి పోతుంది. ఫైబ్రోస్కాన్‌కు కనీసం 3 గంటలు, తోపు కిరణం వాడే యంత్రాలకు 4 గంటలు ఏమీ తినకుండా ఉండాలన్నది నియమం. రాయగడలో తెల్లవారుజామున రైలెక్కి విశాఖలో దిగేవాళ్ల సంగతి ఆలోచించండి. పార్వతీపురం, బొబ్బిలి దాటి విజయనగరం వచ్చేసరికి పక్కనున్న కోడలు, ‘ఎంతసేపని ఖాళీ కడుపుతో ఉంటారు అత్తా, రెండు ఇడ్లీలు తినండి’ అంటుంది. ప్రేమతో అన్న మాటే. ఆ తిన్న సంగతి పరీక్ష గదిలో ఎవరూ అడగకపోతే ఆ రెండు ఇడ్లీలు రిపోర్టులో జబ్బుగా నమోదవుతాయి. గుణుపురం నుంచో పర్లాకిమిడి నుంచో దూరం వచ్చేవాళ్లకు పరీక్ష సమయం ముందే చెప్పి, ఎప్పటి నుంచి తినకూడదో కాగితం మీద రాసివ్వడం ఏ ఫిల్టర్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఊపిరి రెండోది. గట్టిగా పీల్చి బిగపట్టకూడదు. అలా చేస్తే ఛాతీ ఒత్తిడి మారి కాలేయం కొలత కూడా మారుతుంది. మామూలుగా ఊపిరి తీస్తూ, నడుమ కొన్ని సెకన్లు కదలకుండా ఆగాలి. పరీక్ష చేసేవారు ఒడియాలో చెబుతుంటే, బల్ల మీద పడుకున్న ముసలామె తెలుగో, సవరో, కువి మాటో తప్ప తెలియని మనిషి కావచ్చు. ఆమె భయపడి గట్టిగా పీల్చి పట్టేస్తుంది. ముందే ఒకసారి చేసి చూపించి, ఆమె చేత చేయించి, ఆ తర్వాతే ప్రోబ్ పెట్టడానికి నిమిషం పట్టదు.

మిగతావి పరీక్ష చేసే చేతికి సంబంధించినవి. వెల్లకిలా గానీ కొద్దిగా ఎడమవైపుకు ఒత్తిగిల్లి గానీ పడుకోబెట్టి, పక్కటెముకల మధ్య సందు విచ్చుకునేలా కుడిచెయ్యి తల మీదికి ఎత్తించాలి. ప్రోబ్ కాలేయం పైపొరకు నిటారుగా ఉండాలి. కొలిచే పెట్టె ఆ పొరకు కనీసం ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దిగువన, రక్తనాళాలకు దూరంగా ఉండాలి. మరీ పైన పెడితే పొర దగ్గర తిరిగే ప్రతిధ్వనులు, మరీ కింద పెడితే తరిగిపోయిన తోపు. లావుపాటి మనుషుల్లో కొలత నమ్మకం తగ్గడానికి ఇదే కారణం. ఫైబ్రోస్కాన్‌లో వాళ్లకు వేరే ప్రోబ్ ఉంటుంది. పొట్టలో నీరు చేరినవాళ్లకు మాత్రం చర్మం మీద తట్టే పద్ధతి పనిచేయదు, షియర్ తరంగం నీటిలో సాగదు. కాలేయం లోపలే తోసే యంత్రానికి ఆ అడ్డు లేదు.

రిపోర్టులో వెతకాల్సిన రెండో అంకె

మొదట్లో చెప్పిన రెండు రిపోర్టుల దగ్గరికి వద్దాం. అల వేగం అసలు సెకనుకు 2 మీటర్లు అనుకోండి, గట్టిదనం 12. వేగం కొలతలో పదిశాతం తప్పు వస్తే ఒకవైపు 1.8, ఇంకోవైపు 2.2. వేగాన్ని వర్గం చేయాలి కాబట్టి గట్టిదనం ఒకవైపు 9.7, ఇంకోవైపు 14.5. వేగంలో పదిశాతం తప్పు గట్టిదనంలో దాదాపు ఇరవై శాతమైంది. అమెరికా అల్ట్రాసౌండ్ రేడియాలజిస్టుల సంఘం 2020లో తోపు కిరణం యంత్రాలకు ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం 5 లేదా అంతకన్నా తక్కువైతే సాధారణం. 9 లోపు ఉండి ఇతర లక్షణాలు లేకపోతే ముదిరిన జబ్బు లేనట్టే. 9 నుంచి 13 అనుమానం. 13 దాటితే ముదిరిన జబ్బు ఉన్నట్టే. ఆ కొద్దిపాటి తప్పు మనిషిని ఒక గడిలోంచి ఇంకో గడిలోకి నెట్టేసింది.

అందుకే ఒక్క కొలతతో ఆగరు. పది కొలతలు తీసి మధ్యమం రాస్తారు. నాణ్యత పటం ఉన్న కొన్ని యంత్రాల్లో ఐదు చాలు. ఆ కొలతలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే అంకె పక్కనే ఉండాలి. దాన్ని ఐక్యూఆర్, మధ్యమాల నిష్పత్తి అంటారు. నడుమ సగం కొలతలు ఎంత వెడల్పున పరుచుకున్నాయో దాన్ని మధ్యమంతో భాగించడం అన్నమాట. కిలోపాస్కల్‌లో రాస్తే ఇది 30 శాతం దాటకూడదు, సెకనుకు మీటర్లలో రాస్తే 15 శాతం. రెండు హద్దులు ఎందుకంటే, వర్గం చేసినప్పుడు చెదురు రెట్టింపవుతుంది కాబట్టి. రెండూ నిజానికి ఒకే హద్దు. ఈ నిష్పత్తి లేని రిపోర్టు చేతికొస్తే అడిగి రాయించుకోవచ్చు, యంత్రం దాన్ని లెక్కకట్టే ఉంటుంది.

నిష్పత్తి రెండు రిపోర్టుల్లోనూ బాగుండి, అంకెలు మాత్రం దూరంగా ఉన్నాయా? అప్పుడు యంత్రాలు వేరేమో చూడాలి. కాలేయం స్ప్రింగులా సాగేదే కాదు, కొంత జిగట కూడా. అందులో షియర్ తరంగం వేగం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర తట్టే యంత్రం, అంతకన్నా ఎక్కువ పౌనఃపున్యాలు కలిసిన అలను పుట్టించే యంత్రం ఒకే కాలేయానికి వేర్వేరు అంకెలు ఇవ్వడం తప్పు కాదు. ఫైబ్రోస్కాన్ హద్దులు కూడా వేరు. అక్కడ 10, 15 అంకెల దగ్గర గీతలు గీస్తారు. జబ్బు పెరుగుతోందా తగ్గుతోందా అని చూడాలంటే వీలైనంతవరకు అదే యంత్రం మీద, అదే పరగడుపు నియమంతో తీయించుకోవాలి.

ఇక, అంకె పెరిగినా అది రొదా కాదు, మచ్చకట్టడమూ కాదు అనే సందర్భాలు ఉన్నాయి. పచ్చకామెర్లు తీవ్రంగా ఉన్నప్పుడు వాపు వల్ల, గుండె బలహీనమై రక్తం వెనక్కి నిలిచినప్పుడు, పైత్యరస నాళం మూసుకున్నప్పుడు కాలేయం నిజంగానే గట్టిగా ఉంటుంది. దక్షిణ ఒడిశాలో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బులో నొప్పుల దాడి సమయంలోనూ అంకె పైకి పోతుంది. ఇవి సగటుతోనూ ఫిల్టర్‌తోనూ పోయేవి కావు, ఎందుకంటే యంత్రం అప్పుడు ఉన్నదే చెబుతోంది. రక్త పరీక్షలో ఏఎల్‌టీ (కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైము) బాగా పెరిగి ఉంటే గానీ, ఒళ్లు నొప్పులతో ఆస్పత్రిలో చేరిన వారంలోనే ఈ కొలత తీసి ఉంటే గానీ, ఆ సంగతి డాక్టరుకు చెప్పి, అది తగ్గాక మళ్లీ తీయించాలా అని అడగాలి.